గడ్డం దొరకి అద్దాల ఇల్లు

మా ఆయన పనికెళ్ళి ఇంటికి తెచ్చేవి మామూలుగా రెండే. ఒకటి నడుం నొప్పి, రెండోది గాజు గీసుకున్న వేళ్ళు. ఆ రోజు మాత్రం పనిముట్ల సంచి మూల పడెయ్యకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏంటండీ అది అని అడిగాను. ఏం లేదన్నాడు. ఆ ఏం లేనిది సంచిలో కదిలింది.

ముందు మా సంగతి చెప్తాను. మాది అద్దాల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కిటికీలకి గాజులు, బీరువాలకి అద్దాలు, అన్నీ మేమే కోసి బిగిస్తాం. కొయ్యడం, బిగించడం మా ఆయన పని. బేరాలు, కొలతలు, కేకలు నా పని. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరి వాటా నోరూ నాకే వచ్చిందని మా వీధిలో అందరూ అంటారు. అననివ్వండి, ఆ నోరు లేకపోతే కొట్టు నడిచేదా?

సంగతేమిటంటే, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంట్లో పగిలిన కిటికీ బిగించడానికి వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళు విరిగిన కుర్చీ ఒకటి, చిరిగిన కర్టెన్లు, ఇంకా నీళ్ళు లేని చేపల తొట్టె ఒకటి వదిలేసి పోయారట. ఆ తొట్టెలో ఉంది ఈ ప్రాణి. పగిలిన గాజుతో పాటు దీన్నీ ఎక్కడైనా పారెయ్యమన్నాడట ఇంటి ఓనరు. పారెయ్యడానికి చెయ్యి రాలేదన్నాడు మా ఆయన. మరి ఇంటికి తేవడానికి ఎలా వచ్చిందని అడిగాను. ఆయన సంచి విప్పాడు.

నేను స్టూలెక్కాను. నాకు చిన్నప్పటి నుంచీ గోడ మీది బల్లిని చూస్తేనే గుండె జారిపోతుంది. ఇది ఆ బల్లులన్నిటికీ తాతలా ఉంది. నా మోచేతి నుంచి వేళ్ళ దాకా ఉంది పొడుగు. ఎండిన మట్టి రంగు, ఒంటికి రెండు పక్కలా ముళ్ళ వరస, గొంతు కింద గీసుకోని గడ్డంలాగా ముళ్ళ సంచి. డొక్కలు లోపలికి పోయి ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. అంత నీరసంలోనూ తల పైకెత్తి నావైపు చూసింది చూడండి, ఆ చూపులో భయం లేదు, భక్తి లేదు. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు గదిలో దుమ్ము చూసినట్టు చూసింది.

స్టూలు మీంచే అడిగాను, ఈ దొరగారు ఎవరండీ అని. అంతే, ఆ పేరే ఉండిపోయింది.

మా వీధి చివర జంతువుల డాక్టరమ్మ ఉంది. చిన్న వయసే కానీ మాట సూటిగా ఉంటుంది. దొరని బల్ల మీద పెట్టి పొట్ట నొక్కి, నోరు తెరిచి, కాళ్ళు లాగి చూసింది. ఇది బియర్డెడ్ డ్రాగన్, అంటే గడ్డం బల్లి, మగది, బాగా ఎదిగినదే, చాలాకాలంగా సరైన తిండీ వెలుతురూ లేక ఎముకలు మెత్తబడ్డాయని చెప్పింది. తర్వాత ఒక పెళ్ళివారి జాబితా అంత చెప్పింది. ఉండడానికి పెద్ద పెట్టె కావాలి, అందులో ఒక కొస వేడిగా, ఇంకో కొస చల్లగా ఉండాలి. వేడికి ఒక దీపం, ఎండలో దొరికే బలం ఇచ్చే దీపం ఇంకొకటి. ఆకుకూరలు సన్నగా తరగాలి. గోరువెచ్చటి నీళ్ళలో స్నానం చేయించాలి. పురుగుల్ని కాల్షియం పొడిలో దొర్లించి పెట్టాలి. పురుగులా అన్నాను. బతికున్నవి అంది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్న చెప్పింది. వాడు తనంతట తను తినడం మొదలుపెట్టాలి. వారం తర్వాత మళ్ళీ తీసుకురమ్మంది. అప్పటికీ తినకపోతే తన దగ్గర పెట్టుకుని గొట్టంతో పోస్తుందట. ఇంత నీరసంలో అది కూడా ప్రమాదమేనట, తట్టుకుంటాడో లేదో చెప్పలేనంది.

అలా నా వంటింట్లోకి కీచురాళ్ళ డబ్బా వచ్చింది. బొద్దింక కనిపిస్తే ఇల్లెగిరిపోయేలా అరిచే దాన్ని, పట్టకారుతో కీచురాయిని పట్టుకుని తెల్లపొడిలో అద్దుతుంటే నా బతుకు మీద నాకే జాలేసింది. అందులో ఒకటి తప్పించుకుని ఫ్రిజ్ వెనక కాపురం పెట్టింది. మనిషి వంటింట్లో ఉన్నంతసేపూ నోరు మూసుకుంటుంది, గడప దాటగానే కచేరీ మొదలెడుతుంది.

ఇక పెట్టె సంగతి. ఇక్కడ మా మావయ్యగారి గురించి చెప్పాలి.

కొట్టు పెట్టింది మావయ్యే. ఊరంతా ఆయన్ని పెద్ద మేస్త్రీ అనేవాళ్ళు. గాజు మీద ఆయన గీత గీస్తే స్కేలు సిగ్గుపడేది. నిరుడు ఆయన కుడి చేతికి వణుకు మొదలైంది. మందులిచ్చారు, వణుకు తగ్గింది కానీ పోలేదు. ఒకరోజు నిలువుటద్దం కోస్తుంటే గీత వంకర పోయి అద్దం అడ్డంగా పగిలింది. మేమెవ్వరం ఒక్క మాట అనలేదు. ఆయనే గాజు కోసే కలాన్ని బల్ల మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి కిటికీ పక్కన కుర్చీయే ఆయన లోకం. పెట్టిన పళ్ళెం సగం తిరిగొచ్చేది. పలకరిస్తే ఊ అంటే ఊ, లేకపోతే అదీ లేదు. ఇంటికి ఎవరైనా వస్తే ఆ చెయ్యి వీపు వెనక్కి పోయేది.  కేకలేసే మనిషి కేకలు మానేస్తే ఇల్లు ఎంత పెద్దదైపోతుందో నాకప్పుడు తెలిసింది.

అలాంటి మనిషి, దొర వచ్చిన రోజున కింద గొడవేంటా అని మెట్లు దిగి వచ్చారు. ఎడం చేత్తో దొర వీపు నిమిరారు. దొర కళ్ళు మూసుకున్నాడు. వీడికి ఇల్లు ఎవరు కడుతున్నారని అడిగారు మావయ్య. నేను కడతానని మా ఆయన నోరు తెరిచేలోపు ఆయన కాలు గట్టిగా తొక్కాను. మావయ్య నిలబడిన తీరు అలా ఉంది మరి. నోరు లేకపోయినా బుర్ర ఉన్న మనిషి, మా ఆయన వెంటనే ఊరుకున్నాడు.

మావయ్యే కట్టారు. గాజు కొయ్యాల్సిన పని రాకుండా చూసుకున్నారు పెద్దాయన, ఎంత తెలివో. కొట్టులో గిరాకీకి చూపించడానికి పెట్టుకున్న శాంపిల్ అద్దాలున్నాయి, అన్నీ ముందే కోసి అంచులు చెక్కినవి, ఒక్కోటీ వెలిగిపోతుంటుంది. వాటిలోంచి మూడు మంచివి ఏరి మూడు గోడలు చేశారు, మెరుపు లోపలివైపుకి. ముందుభాగానికి మాత్రం మామూలు గాజు తలుపు, అది మా ఆయన కోసిచ్చాడు. కింద టైల్సు, ఒక మూల ఎక్కి కూర్చోడానికి బండరాయి, పైన దీపాలు. అన్నీ అద్దాలే ఎందుకు మావయ్యా అని అడిగితే, పాపం ఎవరూ లేని ప్రాణి కదా, ఎటు చూసినా తోడుంటుంది అన్నారు.

అలాంటి ఇల్లు ఇంకే బల్లికీ ఉండి ఉండదు. దీపం వెయ్యగానే పెట్టె కాదది, నగల దుకాణం. లోపల మాకు నలుగురు దొరలు కనిపించారు. వీధిలోవాళ్ళంతా వచ్చి చూసి మేస్త్రీగారూ అదిరింది అన్నారు. మావయ్య మొహం విప్పారింది. ఆ పూట పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు కళ్ళు తుడుచుకున్నాను, దాపరికం ఎందుకు.

మర్నాటి నుంచి దొర నాట్యం మొదలెట్టాడు. అద్దం ముందు నిలబడి తల కిందికీ పైకీ ఊపేవాడు. ఒళ్ళు అప్పడంలా వెడల్పు చేసేవాడు. గడ్డం ఉబ్బించి బొగ్గులా నల్లగా చేసేవాడు. మధ్య మధ్యలో ముందు కాలు ఒకటి ఎత్తి, మెల్లగా గుండ్రంగా తిప్పి దించేవాడు. అచ్చం సలాం కొట్టినట్టే. స్నేహితులు దొరికారని సంబరం అన్నాడు మా ఆయన. మర్యాద తెలిసిన దొర అన్నారు మావయ్య. పొద్దున్నే కిందికి దిగి మెత్తటి గుడ్డతో అద్దాలు తళతళలాడేలా తుడిచి, దొర కాలెత్తితే తనూ కుడి చెయ్యి ఎత్తి సలాం కొట్టేవారు. వీపు వెనక దాక్కునే ఆ చెయ్యే. దొర ముందు దానికి సిగ్గు లేదు.

అంతా బాగానే ఉంది, తిండి ఒక్కటే లేదు. నేను అంత కష్టపడి పొడి అద్దిన కీచురాళ్ళు వాడి ముక్కు ముందు నుంచే నడిచి వెళ్ళేవి. ఆకుకూరలు తరిగినవి తరిగినట్టే వాడిపోయేవి. బతిమాలాను, బెదిరించాను, గుమ్మడి ముక్క ముక్కుకి రాశాను. నా చేత్తో పెట్టింది తినకుండా ఇంతవరకూ ఎవరూ నా ఇంట్లోంచి వెళ్ళలేదు, నువ్వెవడివిరా అని కూడా అడిగాను. దొర నావైపు చూడనైనా చూడలేదు. వాడి ధ్యాసంతా అద్దాల మీదే. మావయ్య పైకి ధైర్యం చెప్పేవారు కానీ, ఒకటికి పదిసార్లు వచ్చి దొర తిండి చిప్పలోకి తొంగి చూసి వెళ్ళేవారు.

వారం తిరిగింది. మా ఆయన ఎక్కడో కిటికీలు బిగిస్తున్నాడు, నేనే దొరని బుట్టలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తూచింది. ఇంకా తగ్గాడు. ఆవిడ నుదురు ముడిపడింది. ఎక్కడ పెట్టారు, ఎలా పెట్టారని అడిగింది. నేను గర్వంగా ఫోను తీసి ఫొటో చూపించాను. మా మావయ్యగారు కట్టారండి అన్నాను.

డాక్టరమ్మకి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఈ జాతిలో మగదానికి ఇంకో మగది కంటపడితే చాలట, తన చోటు లాక్కోడానికి వచ్చిందనుకుంటుందట. అద్దంలో ఉన్నది తనేనని వాటికి తెలియదు. దొర పొద్దస్తమానం ముగ్గురు శత్రువుల మధ్య నిలబడి ఉన్నాడు. తల ఊపడం బెదిరించడం, గడ్డం నల్లబడడం కోపం. మరి సలామో అని అడిగాను. అది సలాం కాదండీ, నేను లొంగిపోయాను, నన్నేం చెయ్యకు అని చెప్పుకోవడం అంది. కోపం తెచ్చుకుని, ఓపిక అయిపోయి, లొంగిపోయి, మళ్ళీ కోపం తెచ్చుకుని, ఇదే వాడి రోజంతా. ఇంక తిండెక్కడ దిగుతుంది?

ఆ అద్దాలు వెంటనే తీసెయ్యమంది. రెండు రోజులు చూసి, అప్పటికీ తినకపోతే ఇక ఆలోచించొద్దు, గొట్టం పెట్టాల్సిందే అంది.

బుట్ట పట్టుకుని బయటికొచ్చాను కానీ కాళ్ళు కొట్టు వైపు పడడం లేదు. తీసెయ్యడం ఎంతసేపు, మా ఆయన ఒక్క పూటలో పీకేస్తాడు. కానీ మావయ్యకి ఏమని చెప్పను? ఆ నిలువుటద్దం పగిలాక ఆయన చేసిన మొదటి పని ఇది. మీరు కట్టిన ఇల్లే వాడి ప్రాణం తీస్తోంది అని ఎలా అనను? మళ్ళీ మెట్లెక్కి ఆ కుర్చీలో కూర్చుంటే ఈసారి దింపడానికి ఇంకో దొర రాడు. చెప్పకపోతే ఈ దొర ఉండడు. అంత నోరున్న దాన్ని, ఇరుక్కుపోయాను.

కాబట్టి మొదట దొంగ వేషాలు వేశాను. దొరకి చలిగా ఉందని అద్దాల మీద కాగితాలు అంటించాను. నేను గిరాకీతో మాట్లాడి వచ్చేసరికి మావయ్య అన్నీ ఊడబీకి, జిగురు మరకలు కూడా పోయేలా తుడిచి పెట్టారు. కాగితాల వెనక తన స్నేహితుల మొహాలు కనపడక వాడు బెంగపెట్టుకుంటాడమ్మాయ్ అన్నారు. డాక్టరమ్మ గుడ్డ కట్టమందన్నాను. గుడ్డ కడితే దీపానికి అంటుకుంటుందన్నారు, అదీ నిజమే. చివరికి పెట్టె కడగాలని చెప్పి దొరని వంటింట్లోకి తెచ్చి, గోడలు కనిపించని రంగు ప్లాస్టిక్ టబ్బులో పెట్టాను, పైన దీపం కట్టాను. కాసేపటికి నల్లటి గడ్డం మెల్లగా మట్టిరంగులోకి దిగింది. ఒక కీచురాయిని వదిలాను. దొర తల పక్కకి వాల్చి దాన్ని చూశాడు. ఒక అడుగు వేశాడు.  ఇంతలో మావయ్య వచ్చి, పాపం ఒక్కణ్ణే ఇక్కడ పడేశారేంట్రా నిన్ను అంటూ ఎత్తుకుని అద్దాల మధ్యకి తీసుకెళ్ళిపోయారు. పెట్టెలో దించీ దించగానే గడ్డం మళ్ళీ నల్లబడింది.

మా ఆయన ఇంటికి రాగానే పట్టుకున్నాను. మీ నాన్న, మీరే చెప్పండి అన్నాను. అంత నోరు పెట్టుకుని నన్ను చెప్పమంటావేంటి అన్నాడు. జీవితంలో ఒక్కసారి ఎదురు మాట్లాడడానికి ఈ రోజే దొరికింది ఆయనకి.  పెట్టెలో దొర కాలెత్తి గుండ్రంగా తిప్పాడు. ఇంతకు ముందు చూసి నవ్వుకున్నదే, ఇప్పుడు చూడలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం, కొట్టులో గిరాకీ లేనప్పుడు, మావయ్య పెట్టె ముందు కూర్చుని అద్దం తుడుస్తున్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకు మెత్తగా మాట్లాడడం చేతకాదు. ఎంత తిప్పి చెబుదామన్నా ఉన్న మాటే బయటికొచ్చింది.

"మావయ్యా, దొర తినకపోవడానికి కారణం ఈ అద్దాలే."

ఆయన తుడుస్తూనే, అద్దాలు వాడినేం చేశాయమ్మాయ్ అన్నారు. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేశాను. శత్రువులని అనుకుంటున్నాడని చెప్పాను. బెదిరించడం గురించి, గడ్డం గురించి చెప్పాను. చివరికి సలాం సంగతీ చెప్పాను. గుడ్డ ఆగిపోయింది. మావయ్య తన కుడి చేతిని చూసుకున్నారు.

"అంటే వాడు నన్నేం చెయ్యొద్దు మొర్రో అంటుంటే, నేను ఎదురుగా కూర్చుని నవ్వుతూ సలాం కొట్టానన్నమాట."

మీకు తెలియదు కదా మావయ్యా అన్నాను. మాకెవరికీ తెలియదు కదా అన్నాను. ఆయన గుడ్డ మడిచి పెట్టె మీద పెట్టి, లేచి వెళ్ళిపోయారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎవరో బాత్‌రూమ్ అద్దం కావాలని వచ్చారు. వాళ్ళకి చూపించిన అద్దంలో నా మొహం చూసుకుని ఇంకా ఏడుపొచ్చింది. పాపం వాళ్ళు తర్వాత వస్తామని వెళ్ళిపోయారు.

సాయంత్రం టీ పట్టుకుని పైకి వెళ్ళాను. కుర్చీ ఖాళీ. పక్క గదిలో లేరు, మేడ మీద లేరు.  కిందికి పరిగెత్తుకొచ్చి చూస్తే పెట్టె కూడా లేదు. అప్పుడు వినిపించింది, కొట్టు వెనక గదిలోంచి చప్పుడు. గరగరా, గరగరా, తడి ఇసుకతో గిన్నె తోముతున్నట్టు.

మావయ్య పాత ఏప్రన్ కట్టుకుని బల్ల ముందు నిలబడి ఉన్నారు. పెట్టె గోడలు మూడూ విడదీసి బల్ల మీద పరిచారు. పక్కనే వంటింటి టబ్బులో, దీపం కింద, దొర. ఒక అద్దం మీద గరుకు పొడి చల్లి, నీళ్ళు చిలకరించి, అరచేతిలో పట్టేంత గాజు ముక్కతో సున్నాలు చుడుతూ రుద్దుతున్నారు. ఆయన రుద్దిన మేరా అద్దంలో మెరుపు మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. బాత్‌రూమ్ కిటికీలకి వేస్తారే, వెలుతురు వస్తుంది కానీ మనిషి కనపడడు, ఆ గాజులాగా. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టరీ నుంచి తెప్పించుకుంటాం. చేత్తో చెయ్యడం మా కొట్టులో ఎప్పుడో మానేశారు, నేనెప్పుడూ కళ్ళతో చూడలేదు.

నన్ను చూసి టీ అక్కడ పెట్టమన్నారు. వెలుగుంటుంది, మొహం ఉండదు, వాడికి అది చాలు అన్నారు. మళ్ళీ రుద్దుతూ, తలెత్తకుండానే మాట్లాడారు.

"నేనూ ఏడాది నుంచి అదే చేస్తున్నానమ్మాయ్. అద్దంలో ఈ చెయ్యి కనపడితే చాలు, ఒళ్ళు మండిపోయేది. వాడికి చెప్పేవాళ్ళు లేరు. నాకు నువ్వు చెప్పావు."

నేను ఆయన చెప్పుకుంటున్నది విన్నాను కానీ నా కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి. వణుకుతోంది, బాగానే వణుకుతోంది. ఇంతలో మా ఆయన వచ్చాడు. నాన్నా నువ్వు కూర్చో, నేను రుద్దుతానన్నాడు. మావయ్య నవ్వుతూ గాజు ముక్క చేతికిచ్చారు. మా ఆయన రుద్దిందంతా చారలు చారలుగా వచ్చింది, తడిగుడ్డ పెట్టిన నేల ఆరినట్టు. స్థిరమైన చెయ్యి ఎప్పుడూ ఒకే దారిలో పోతుందట, అందుకే చారలు పడతాయట. వణికే చెయ్యి పోయిన దారిలో మళ్ళీ పోదు, అంచేత ఎక్కడా గీత కనపడదు. మావయ్య రుద్దిన అద్దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. పాల మీద మీగడ పరిచినట్టుంది, ఒక్క చార లేదు.

మా ఆయన గాజు ముక్క తిరిగి ఇచ్చేశాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ పనిలో పడి దొరని మరిచిపోయాం. టబ్బులోంచి టప్‌మని చప్పుడొచ్చింది. ముగ్గురం వంగి చూశాం. నిన్న నేను వదిలిన కీచురాయి సగం దొర నోట్లో, సగం బయట. రెండు కాళ్ళు గిలగిలలాడుతున్నాయి. దొర రెండుసార్లు నమిలి, గుటుక్కున మింగి, పెదవి నాక్కుని, నావైపు చూశాడు. ఇంకోటి ఏదీ అన్నట్టు. నేను వంటింట్లోకి పరిగెత్తాను. పట్టకారు కనపడక చేత్తోనే పట్టుకొచ్చాను. చేత్తో పట్టుకున్నానని నాకు తర్వాత తెలిసింది, అప్పుడు అరిచాను.

పెట్టె మళ్ళీ నిలబడింది. ఇప్పుడు అందులో ఒక్కడే దొర. దీపం వేస్తే గోడలు మూడూ మెత్తగా వెలుగుతాయి, లోపల ఎవరి మొహమూ కనపడదు. నగల దుకాణం కాస్తా వెన్నెల గదిలా అయింది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ముందున్నదే బాగుందంటారు. దొరని అడగండని వాళ్ళకి చెప్తాను. దొర తరిగిన ఆకుకూర తింటున్నాడు, గుమ్మడి తింటున్నాడు, కీచురాళ్ళకైతే అడ్డూ అదుపూ లేదు. ఫ్రిజ్ వెనక కచేరీ చేసే దాన్ని కూడా పట్టి పెడదామని మా ఆయన అన్నాడు. వద్దన్నాను, అది లేకపోతే వంటింట్లో ఏం తోచదు నాకు. మావయ్య పళ్ళెం సంగతంటారా, రెండోసారి వడ్డించమని అడుగుతున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని కేకలు కూడా వేస్తున్నారు. ఆ కేక మొదటిసారి విన్న రోజు నేనూ మా ఆయనా వంటింట్లో నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

మొన్న డాక్టరమ్మే కొట్టుకి వచ్చింది. దొరని తూచి, బరువెక్కాడని, ఇక గొట్టం మాట ఎత్తక్కర్లేదని చెప్పింది. వెళ్ళబోతూ పెట్టె గోడల మీద వేలితో రాసి చూసి ఆగింది. ఆవిడ ఆసుపత్రిలో గది తలుపుకి మామూలు గాజట. బయట కూర్చున్న కుక్కకి లోపలున్న పిల్లి కనపడి, రోజూ అక్కడొక యుద్ధమట. వెలుతురు రావాలి కానీ ఒకరికొకరు కనపడకూడదు, ఇలాంటిదే కావాలి నాకు అంది. ఫ్యాక్టరీది వద్దు, సరిగ్గా ఇదే కావాలి, ఎవరు చేశారని అడిగింది.

నేను నోరు తెరవబోయి, మా ఆయన మెల్లగా నా కాలు తొక్కడంతో ఆగిపోయాను.

మావయ్య పెట్టె పక్కన నిలబడి ఉన్నారు. బయటివాళ్ళు వచ్చారు కదా, అలవాటుగా చెయ్యి వీపు వెనకే ఉంది. డాక్టరమ్మ ఆయన వంక చూసింది.  మావయ్య ఆ చెయ్యి మెల్లగా ముందుకి తెచ్చి, ఆవిడకి కనపడేలా బల్ల మీద పెట్టారు. అది వణుకుతోంది. బల్ల మీదున్న స్కేలు కూడా దాంతో పాటు కొద్దిగా కదిలింది.

"ఈ చేత్తోనే చేశానమ్మా. తలుపు కొలతలు చెప్పండి."

ఆవిడ ఆ చేతిని చూసింది, గోడల్ని చూసింది, కొలతలు చెప్పడం మొదలుపెట్టింది. పెట్టెలో దొర బండ మీద గడ్డం పైకెత్తి, లేత మట్టి రంగులో, తీరిగ్గా అందర్నీ తనిఖీ చేస్తున్నాడు. కొత్త మనిషిని చూసి కాలు ఎత్తుతాడేమోనని నేను అటే చూస్తూ నిలబడ్డాను. ఎత్తలేదు. మావయ్య చెయ్యి కూడా బల్ల మీదే ఉంది, కొలతలన్నీ అయ్యేదాకా.